పిల్లలకు లైంగిక విద్య: ఒంగోలు, నెల్లూరు వైపు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్తాను. కనిగిరి వైపు ఎనిమిదేళ్లు, కందుకూరు వైపు ఆరేళ్లు చేసి ఇప్పుడు ఒంగోలుకు దగ్గర్లో ఉన్నాను. పేరెంట్స్ మీటింగ్ అయిపోయి అందరూ లేచాక ఇద్దరు ముగ్గురు అమ్మలు వరండాలో ఆగుతారు. "మేడమ్, ఒక్క మాట" అంటారు. అలాంటి మాటలు, క్లాసులో పిల్లలు సుద్దముక్కల డబ్బాలో వేసే చీటీలు, నాతో వాదానికి దిగిన పెద్దమనుషుల ప్రశ్నలు కలిపి ఈ పేజీ రాశాను. ఎవరి పేర్లూ రాయలేదు.

లైంగిక విద్య అంటే అసలు ఏం చెప్తారు? అదే చెప్తారా?

"అదే" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లే ఎక్కువ. చెప్పేది చాలావరకు అది కాదు. పదేళ్లు దాటాక ఒంట్లో వచ్చే మార్పులు, నెలసరి, మగపిల్లలకు గొంతు మారడం, నిద్రలో వీర్యం పోవడం, ఎవరు ఎక్కడ ముట్టుకుంటే వద్దనాలి, ఎవరికి చెప్పాలి, ఫోన్లో వచ్చే బొమ్మల్లో నిజమెంత, ఇష్టం లేదని చెప్పడం, ఎదుటివాళ్లు చెప్తే వినడం, పెళ్లి వయసు, హెచ్‌ఐవి లాంటి జబ్బులు, గర్భం ఎలా వస్తుంది, ఎలా రాకుండా చూసుకోవచ్చు. ఇవన్నీ ఒకేరోజు చెప్పరు. ఆరో తరగతి పిల్లకు గర్భనిరోధకాల గురించి ఎవరూ చెప్పబోరు.

సర్కారు కాగితాల్లో "లైంగిక విద్య" అన్న మాట పెద్దగా కనిపించదు. కౌమార విద్య, జీవన నైపుణ్యాలు, ఆరోగ్యం అని రకరకాల పేర్లు పెట్టారు. పేరు మారిస్తే గొడవ తగ్గుతుందని కాబోలు.

ఇది మన సంస్కృతి కాదు కదా? పాశ్చాత్యుల అలవాటు మనకెందుకు?

ఈ ప్రశ్నకు నేను ఎప్పుడూ ఆవు దగ్గర్నుంచి మొదలుపెడతాను.

మనది ఒంగోలు జాతి పశువుల గడ్డ. ఇక్కడి గిత్తలు బ్రెజిల్ దాకా వెళ్లాయి, అక్కడ వాటిని నెల్లోర్ అంటారు. మన ఊళ్లలో తాత, నాయనమ్మ, మనవడు, మనవరాలు అందరూ కూర్చున్న అరుగు మీదే "ఆవు ఎదకొచ్చింది, రేపు పొద్దున్నే సూది వేయించాలి" అంటారు. చూడి కట్టిందా లేదా అని పక్కింటివాళ్లు వచ్చి అడుగుతారు. ఈనేటప్పుడు దూడ కాళ్లు ముందు బయటికొస్తే పట్టుకు లాగేది పన్నెండేళ్ల కుర్రాడే. మాయ ఇంకా పడలేదని ఆడాళ్లు కంగారుపడతారు. ఎద, చూడి, ఈత, మాయ. ఎంత చక్కటి మాటలు! ఒక్కటీ బూతు కాదు, ఒక్కటీ ఇంగ్లిష్ కాదు.

అదే కుర్రాడు బడికి వచ్చి "టీచర్, మనుషుల్లో మాయ ఎప్పుడు పడుతుంది?" అని అడిగితే క్లాసంతా నవ్వుతుంది. ఇంటికెళ్లి అడిగితే చెంప పగులుతుంది.

ఇంకోటి చూడండి. ఆడపిల్ల పెద్దమనిషి అయితే మనం దాచుకుంటామా? చిమ్మిలి దంచి తినిపిస్తాం. మేనమామ చీరె తెస్తాడు. సెంటర్లో పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టి, పిల్ల ఫొటో వేసి, కింద బాబాయిల ఫొటోలన్నీ వరసగా వేయిస్తాం. డీజే పెడతాం. ఫలానా వారమ్మాయికి నెలసరి మొదలైందని మండలమంతా మైకులో చెప్పినట్టే కదా. ఆ సోమవారం ఆ పిల్ల బడికి వస్తుంది. తన ఒంట్లో ఏం జరిగిందో, మళ్లీ ఎప్పుడు వస్తుందో, నొప్పి ఎందుకో తనకు ఎవరూ చెప్పి ఉండరు. నాలుగు వందల మందికి భోజనాలు పెట్టిన ఇంట్లో పిల్లతో నాలుగు మాటలు మాట్లాడినవాళ్లు ఉండరు.

కాబట్టి సంస్కృతి అడ్డం వస్తోందంటే నేను ఒప్పుకోను. ఒంటి గురించి మాట్లాడటం మన సంస్కృతిలో ఉంది. పిల్లలతో వాళ్ల ఒంటి గురించి మాట్లాడటమే మానేశాం.

ఈ గొడవ ఎప్పుడు మొదలైంది? ఎవరు వద్దన్నారు?

పాత గొడవే, పేరు వేరు. 1891లో బ్రిటిష్ ప్రభుత్వం కాపురానికి కనీస వయసును పదేళ్ల నుంచి పన్నెండేళ్లకు పెంచితే దేశమంతా అట్టుడికింది. మన ఆచారంలో వేలు పెట్టారన్నారు. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు 14 అని పెట్టినప్పుడూ అదే మాట. 1978లో అది 18 అయింది.

ఇప్పటి వాదం 2005 తర్వాతది. కేంద్ర మానవ వనరుల శాఖ, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో కలిసి బడుల్లో కౌమార విద్య కార్యక్రమం పెట్టాయి. 2007 నాటికి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు వద్దన్నాయి. టీచర్లకిచ్చిన బొమ్మల పుస్తకం చూసి చాలామంది ఉలిక్కిపడ్డారు. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీకి వెళ్లింది. ఆ కమిటీ అధ్యక్షుడు మన నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన ఎం. వెంకయ్యనాయుడు గారు. 2009లో కమిటీ నివేదిక ఇచ్చింది. బడిలో లైంగిక విద్య వద్దు, హెచ్‌ఐవి లాంటి పాఠాలు ప్లస్ టూ కంటే ముందు వద్దు, విలువలు, మహనీయుల జీవితాలు చెప్పండి అన్నది దాని సారాంశం.

నాకు ఆ నివేదికతో పేచీ ఉంది. అయితే అందులో ఒక మాట మీరు గమనించాలి. బాల్యవివాహం చట్టవిరుద్ధమని, అది ఆడపిల్ల ఆరోగ్యానికి చేటని పిల్లలకు చెప్పాలని అదే కమిటీ రాసింది. నేను అడిగేది అదే. పదిహేనేళ్ల పిల్ల ఎందుకు కనకూడదో చెప్పాలంటే గర్భసంచి అన్న మాట ఎత్తకుండా, కటి ఎముకలు ఇంకా ఎదగలేదని చెప్పకుండా ఎలా? చేటు అని చెప్పమంటారు, ఏ చేటో చెప్పొద్దంటారు.

ఆ తర్వాత ప్రభుత్వాలు దారి మార్చాయి. 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది, 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా పెట్టాలన్నారు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గర పెట్టుకోవడం నేరమన్న తీర్పులోనే, లైంగిక విద్య మీద మన దేశంలో ఉన్న అపోహల గురించి విడిగా రాసింది. 2025 అక్టోబరులో ఇంకో కేసులో, తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా చిన్నప్పటి నుంచే చెప్పాలంది. కోర్టు చెప్పింది కాబట్టి రేపటి నుంచి జరిగిపోతుందని నేను అనుకోవడం లేదు. మా స్టాఫ్ రూములో ఆ వార్త చదివి పేపర్ మడిచేశారు.

చెప్తే పిల్లలు పాడైపోరా? లేని ఆలోచనలు పుట్టించినట్టు కాదా?

ఇది నిజమైన భయం. దీన్ని వెటకారం చేసేవాళ్లంటే నాకు కోపం. తొమ్మిదో తరగతి పిల్ల ఉన్న తల్లికి ఈ భయం లేకపోతే ఆశ్చర్యపోవాలి.

అయితే దీన్ని ప్రపంచంలో చాలా చోట్ల పరీక్షించి చూశారు. యునెస్కో 2009లో ఒక మార్గదర్శి తెచ్చి, 2018లో సవరించింది. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పద్ధతిగా చెప్పిన చోట పిల్లలు తొందరపడటం పెరగలేదు. కొన్ని చోట్ల ఆ వయసు వెనక్కి జరిగింది కూడా. "పెళ్లిదాకా వద్దు" అని మాత్రమే చెప్పి ఊరుకున్న కార్యక్రమాలు అనుకున్న ఫలితం ఇవ్వలేదు.

ఇక ఆలోచన పుట్టించడం సంగతి. అమ్మా, పదమూడేళ్లకు ఆ ఆలోచన పుట్టించేది టీచరు కాదు, హార్మోన్లు. వాటికి మన పర్మిషన్ అక్కర్లేదు.

మా కాలంలో ఎవరు చెప్పారు? మేం బాగానే ఉన్నాం కదా?

మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, గుర్తు చేసుకోండి. నా తరం ఆడపిల్లలు వారపత్రికలో విజయవాడ డాక్టర్ సమరం గారి ప్రశ్న-జవాబుల పేజీ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినవాళ్లే. అమ్మ వస్తే సీరియల్ పేజీ తిప్పేవాళ్లం. అమ్మ కూడా మధ్యాహ్నం అదే పేజీ చదివేదని తర్వాత తెలిసింది.

మగపిల్లలకు ఆ పాటి దిక్కు కూడా లేదు. వాళ్లకు చెప్పింది బస్టాండు మరుగుదొడ్డి గోడ. "నరాల బలహీనత, స్వప్నస్ఖలనం, చిన్నతనంలో చేసిన తప్పులు. ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరు గారు ఉంటారు." ఆ పోస్టర్ ఒంగోలులో చూశాను, కావలిలో చూశాను, నెల్లూరులో చూశాను.

కందుకూరు వైపు చేసినప్పటి సంగతి ఒకటి చెప్తాను. పదో తరగతి కుర్రాడు. మంచి పిల్లాడు, లెక్కల్లో ఫస్ట్. వేసవిలో పొగాకు బ్యారన్ దగ్గర పనికి వెళ్లి ఆరు వేలు కూడబెట్టాడు. బడి తెరిచాక చూస్తే కళ్లు గుంటలు పడ్డాయి, బెంచీ మీద తల పెట్టి పడుకుంటున్నాడు. ఏంట్రా నాయనా అంటే పలకడు. చివరికి మా అటెండరు అన్న ద్వారా బయటికొచ్చింది. నిద్రలో వీర్యం పోతోందని, వీర్యమంటే రక్తమని, ఇలాగే పోతే ఇరవై ఏళ్లకు పనికిరాకుండా పోతాడని ఎవరో చెప్పారట. లాడ్జి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన ఒక లేహ్యం సీసా, గోధుమ రంగు మాత్రలు ఇచ్చి ఆరు వేలూ తీసుకున్నాడు, వచ్చే నెల మళ్లీ రమ్మన్నాడు. ఆ నెల డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న టెన్షన్‌తోనే పిల్లాడికి నిద్ర లేదు.

వాడికి జబ్బేమీ లేదు. పదమూడు పద్నాలుగేళ్లు వచ్చాక నిద్రలో అలా జరగడం మామూలు. వీర్యం రక్తం నుంచి తయారవదు, పోతే బలం పోదు. ఈ ముక్క చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఆ రెండు నిమిషాలు నేను చెప్పలేదు. అంతకు ముందు వాడి క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడు "ఇది ఇంట్లో చదువుకోండి, పరీక్షలో పెద్దగా రాదు" అని పేజీలు తిప్పేశాను. ఆరు వేల రూపాయల లేహ్యంలో నా వాటా ఉంది. బాగానే ఉన్నాం అన్న మాట వినగానే నాకు వాడు గుర్తొస్తాడు.

ఏ వయసులో ఏం చెప్పాలి?

ఐదారేళ్లకు: ఒంటి భాగాల పేర్లు, బట్టల కింద ఉండేవి తనవేనని, ఎవరైనా ముట్టుకుని "అమ్మకు చెప్పకు" అంటే అదే ముందు అమ్మకు చెప్పాలని.

తొమ్మిది పది దాటాక నెలసరి గురించి తప్పకుండా చెప్పాలి, అది రాకముందే. ఆడపిల్లల్లో మార్పులు ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య, మగపిల్లల్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య మొదలవుతాయి. వచ్చాక చెప్దాంలే అని మా ఊళ్లో చాలామంది ఆగుతారు. రైలు వెళ్లాక గేటు వేసినట్టే. నెలసరి గురించి మగపిల్లలకూ చెప్పాలి. చెప్పిన ఏడాది నా క్లాసులో గౌను మీద మరక చూసి నవ్వడం ఆగింది. ఒకడు లేచి తన స్వెటర్ ఇచ్చాడు.

పన్నెండు పదమూడుకు గర్భం ఎలా వస్తుందో, ఫోన్ సంగతి, ప్రేమ అన్న పేరుతో ఎవరైనా ఒత్తిడి చేస్తే ఏం చేయాలో. పదిహేను దాటాక జబ్బులు, గర్భనిరోధకాలు, చట్టం.

తెలుగులో ఆ మాటలు పలకడానికే సిగ్గు. ఏ మాటలు వాడాలి?

నిజమే, మనకు మూడే రకాలున్నాయి: వీధిలో తిట్టుకునేవి, పాఠ్యపుస్తకంలో సంస్కృతం, లేకపోతే ఇంగ్లిష్. ప్రతి ఇంట్లో చిన్నపిల్లలకు ఒక ముద్దుపేరు ఉంటుంది, అది ఆ ఇంటికే తెలుసు. దాంతో ఇబ్బంది ఏంటంటే, పిల్ల బడిలో టీచరుకు ఫిర్యాదు చేస్తే టీచరుకు అర్థం కాదు. పోలీసు స్టేషన్లో అసలు అర్థం కాదు.

నేను పాఠ్యపుస్తకం మాటలే వాడతాను. పురుషాంగం, వృషణాలు, యోని, గర్భాశయం. మొదటి రోజు బోర్డు మీద రాసి అందరి చేత గట్టిగా చదివిస్తాను. ఒకసారి నవ్వుతారు. రెండోసారి కొంచెం తక్కువ. మూడోసారికి అది కిరణజన్య సంయోగక్రియ లాంటి మాటే అయిపోతుంది. ఇంట్లో మీకు ఇంగ్లిష్‌లో చెప్పడం తేలికైతే అలాగే చెప్పండి. నెలసరి అన్నా డేట్ అన్నా ఒకటే. "బయట ఉంది" అనడం మాత్రం మానండి. పిల్లకు తాను ఏదో తప్పు చేసి బయట ఉన్నట్టు అనిపిస్తుంది.

నెలసరిలో పిల్లని విడిగా కూర్చోబెట్టడం, గుడికి, వంటింటికి పంపకపోవడం గురించి బడిలో ఎందుకు?

మీ ఇంటి పూజ గది సంగతి నేను మాట్లాడను. నాకు కావాల్సింది మూడు: ఆ రోజుల్లో పిల్ల బడికి రావాలి, శుభ్రమైన గుడ్డో ప్యాడో ఉండాలి, రక్తం తక్కువ ఉందేమో చూపించాలి. 2021 అక్టోబరులో స్వేచ్ఛ కార్యక్రమం కింద ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి అమ్మాయిలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్యాడ్ వచ్చింది సరే, దాన్ని పారేయడానికి మూత ఉన్న చెత్త డబ్బా, నీళ్లొచ్చే బాత్రూము కూడా అడగండి. మీటింగులో అడిగేవాళ్లు లేకే అవి రావడం లేదు.

ఫోన్ ఉంది కదా, అన్నీ అందులోనే తెలుసుకుంటారు. మళ్లీ పాఠం ఎందుకు?

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాక ఆన్‌లైన్ క్లాసుల పేరుతో ఫోన్ ప్రతి ఇంటికీ వచ్చింది. మళ్లీ వెనక్కి వెళ్లలేదు. అందులో వాళ్లు చూసేది జీవశాస్త్రం కాదు. అశ్లీల వీడియో తీసేవాళ్లు డబ్బుల కోసం తీస్తారు. అందులో ఎవరూ "నీకు ఇష్టమేనా?" అని అడగరు, ఎవరికీ భయం వేయదు, ఎవరికీ గర్భం రాదు. అది చూసి పెరిగిన కుర్రాడు అదే నిజం అనుకుంటాడు. డబ్బాలో నాకు వచ్చిన ఒక చీటీ: "టీచర్ వద్దు అంటే నిజంగా వద్దనేనా." ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు. దాని మీద నేను ఒక పీరియడ్ మొత్తం మాట్లాడాను. వద్దంటే వద్దనే.

ఇంకో విషయం కటువుగా చెప్పాలి. క్లాసులో అమ్మాయి ఫొటో తీసి, మార్చి గ్రూపులో పెడితే అది అల్లరి కాదు, నేరం. ఫార్వర్డ్ చేసినవాడూ దొరుకుతాడు. ఎవరికైనా ఇలా జరిగితే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. పిల్ల ఫోన్ లాక్కోవడం మాత్రం మొదటి పని కాకూడదు. లాక్కుంటే ఇంకోసారి చెప్పదు.

పద్దెనిమిది లోపు ఇద్దరూ ఇష్టపడితే తప్పేంటి? చట్టం ఏమంటుంది?

ఇది పిల్లల ప్రశ్న, చీటీల్లో ఎప్పుడూ ఉంటుంది. 2012 నవంబరు 14 నుంచి పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే. వాళ్ల ఇష్టానికి చట్టంలో విలువ లేదు. పందొమ్మిదేళ్ల అబ్బాయి, పదిహేడేళ్ల అమ్మాయి లేచిపోయి తిరుపతిలో పెళ్లి చేసుకుని వస్తే, అమ్మాయి తండ్రి కేసు పెడితే అబ్బాయి జైలుకే. "నేనే రమ్మన్నాను సార్" అని అమ్మాయి ఏడ్చినా అంతే.

ఇది సరైనదేనా అన్న చర్చ నడుస్తోంది. 2023లో లా కమిషన్ తన 283వ నివేదికలో వయసు తగ్గించొద్దంది, పదహారు పద్దెనిమిది మధ్య కేసుల్లో జడ్జీలకు కొంత వెసులుబాటు ఉండాలంది. నా అభిప్రాయం అడిగితే, పదిహేడేళ్ల పిల్లల ప్రేమకూ, పసిపిల్ల మీద అఘాయిత్యానికీ ఒకే చట్టం వాడటం నాకు నచ్చదు. కానీ నచ్చినా నచ్చకపోయినా ఇవాళ ఉన్న చట్టం ఇదే. మగపిల్లల తల్లులు ముఖ్యంగా ఈ భాగం చదివి వినిపించాలి. అరెస్టయ్యాకే ఈ సంగతి తెలుసుకున్న కుర్రాళ్లు ఎంతమందో.

గర్భం వచ్చినట్టు అనుమానం వస్తే ఆలస్యం చేయొద్దు. మైనర్‌కు గర్భస్రావానికి సంరక్షకుల రాతపూర్వక అనుమతి కావాలి, 24 వారాల వరకు చట్టం ఒప్పుకుంటుంది. పేరు బయటపడుతుందన్న భయంతో నాటు వైద్యానికి వెళ్తారు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, తన ఇష్టంతో దగ్గరై గర్భం దాల్చిన మైనర్ వైద్యానికి వస్తే, అమ్మాయి గానీ సంరక్షకులు గానీ కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో పేరు, వివరాలు డాక్టరు రాయనక్కర్లేదని చెప్పింది.

ఇదంతా ఎందుకు, పదో తరగతి అవగానే పెళ్లి చేస్తే సరిపోదా?

నవ్వకండి, కనిగిరిలో నన్ను ఈ ప్రశ్న ఎక్కువగా అడిగారు. పశ్చిమ ప్రకాశంలో వానలు లేక పెద్దవాళ్లు హైదరాబాదు, బెంగళూరు పనులకు వెళ్తారు. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. వయసొచ్చిన పిల్లని ముసలామె మీద వదిలి ఎలా వెళ్లాలి? మేనమామ కొడుకు ఉన్నాడు, ఇచ్చేస్తే బరువు దిగుతుంది. ఆ తండ్రిని దుర్మార్గుడనలేం. భయపడుతున్నాడు, అంతే.

లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది లోపే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భవతులో. దేశ సగటు 6.8. చదువుల రాష్ట్రమని చెప్పుకుంటాం, ఇందులో మాత్రం దేశానికి దాదాపు రెట్టింపు ఉన్నాం. ఈ అమ్మాయిల్లో ఎక్కువ మంది "పాడైపోయినవాళ్లు" కాదు, పద్ధతిగా పెళ్లి చేసి పంపినవాళ్లు. పసితనంలో గర్భం రావడానికి మన దగ్గర పెద్ద కారణం ప్రేమలు కాదు, ముహూర్తాలు.

పెళ్లి ఆపాలంటే పిల్లల సహాయ నంబర్ 1098కి ఫోన్ చేయొచ్చు. ఊరి సచివాలయంలో మహిళా పోలీసుకు చెప్పొచ్చు. పదహారేళ్ల పిల్లే ఫోన్ చేసి తన పెళ్లి ఆపుకుందన్న వార్త అప్పుడప్పుడూ పేపర్లో చదువుతుంటాం. ఆ నంబర్ ఆ పిల్లకు బడిలో ఎవరో చెప్పే ఉంటారు.

తెలిసినవాళ్లే పిల్లని ముట్టుకున్నారని తెలిస్తే? పరువు పోతుంది కదా?

ఇలాంటివి ఎక్కువగా చేసేది తెలిసినవాళ్లే. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ పదమూడు రాష్ట్రాల్లో పన్నెండు వేలకు పైగా పిల్లలతో మాట్లాడింది. సగం మందికి పైగా, 53.22 శాతం, ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితుల్లో సగం మంది మగపిల్లలు. "మాకు ఆడపిల్ల లేదు, మాకేం భయం" అనేవాళ్లు ఆ ఆఖరి వాక్యం మళ్లీ చదవండి.

తెలిసిన వెంటనే పిల్లను నమ్మండి, తిట్టొద్దు, పదే పదే అడిగి చెప్పించొద్దు. 1098 లేదా 112కు ఫోన్ చేయండి. పోక్సోలో ఎవరికి తెలిసినా పోలీసులకు చెప్పి తీరాలి. దాచితే ఆరు నెలల దాకా జైలు, బడి హెచ్‌ఎం లాంటివాళ్లు దాచితే ఏడాది దాకా. పిల్ల పేరు, ఫొటో, ఊరు ఎవరూ బయటపెట్టకూడదు, అది కూడా నేరమే. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి డబ్బులిప్పించి "సర్దుబాటు" చేయడానికి చట్టంలో చోటు లేదు. అరుగు మీద జరిగే ఆ పంచాయితీల్లో పిల్ల ఎక్కడుంటుందో తెలుసా? వంటింట్లో, తలుపు వెనకాల, వింటూ.

చెప్పే టీచరే సరిగ్గా లేకపోతే?

వ్యతిరేకించేవాళ్లు అడిగే వాటిలో నాకు జవాబు దొరకని ప్రశ్న ఇదే. వెకిలిగా చెప్పేవాళ్లున్నారు. అమ్మాయిల వైపు చూస్తూ నవ్వేవాళ్లున్నారు. బెదిరించి చెప్పేవాళ్లున్నారు. నాకిచ్చిన శిక్షణ ఒకే ఒక్క రోజు, అందులో సగం భోజనాలకు, ఫొటోలకు పోయింది. ఎవరో బయట నుంచి వచ్చి మూడు వందల మందిని మైదానంలో కూర్చోబెట్టి మైకులో గంట సేపు "గుడ్ టచ్ బ్యాడ్ టచ్" చెప్పి వెళ్తారు. ఒక్క పిల్ల కూడా నోరు తెరవదు. అలాంటిది ఉన్నా లేకున్నా ఒకటే.

మీరు చేయగలిగింది: చెప్పే రోజు ఏం చెప్తారో ముందే అడగండి, పుస్తకం చూపించమనండి. అబ్బాయిలకు, అమ్మాయిలకు కొంత విడిగా, కొంత కలిపి చెప్పమనండి. అమ్మాయిలకు ఆడ టీచరో ఏఎన్ఎమ్మో ఉండాలనండి. ఇవి అడిగే హక్కు మీకుంది.

మా చర్చిలో, మసీదులో ఒప్పుకోరు.

నేను మూడు మతాల పిల్లలకూ చెప్పాను. పెళ్లి, నియమం, పవిత్రత గురించి మీ పాస్టరు గారో, మౌల్వీ గారో, పంతులు గారో చెప్పేదానికి నేను అడ్డం రాను. గర్భాశయం ఎక్కడుందో వాళ్లు చెప్పరు కాబట్టి అది నేను చెప్తాను.

పిల్లలు అడిగితే నాకు జవాబు రాదు. నేను చదువుకోలేదు.

"నాకూ తెలియదు, రేపు ఏఎన్ఎమ్మ అక్కని అడిగి చెప్తా" అనండి. చెప్పి నిజంగా అడగండి. ఎదురుగా కూర్చుని మాట్లాడటం కష్టంగా ఉంటే చిక్కుడుకాయలు ఒలుస్తూనో, బండి మీద వెళ్తూనో మాట్లాడండి. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేని చోట పిల్లలు ఎక్కువ మాట్లాడతారు. తండ్రులకు ప్రత్యేకంగా: కొడుకుతో మీరు మాట్లాడకపోతే ఆ బస్టాండు పోస్టరు మాట్లాడుతుంది.

మా బడిలో మొదలుపెట్టించాలంటే ఎవరిని అడగాలి?

ముందు హెచ్‌ఎంను. ఆరోగ్య రాయబారులుగా ఏ ఇద్దరు టీచర్లను పెట్టారో అడగండి. చాలా చోట్ల పేర్లు రిజిస్టర్లో ఉంటాయి, అడిగితే వాళ్లే ఆశ్చర్యపోతారు. పాఠశాల యాజమాన్య కమిటీలో మీ ఓటుతో గెలిచిన తల్లిదండ్రులుంటారు, వాళ్ల చేత మీటింగులో ఎత్తించండి. ఎనిమిదో తరగతిలో కౌమార దశ గురించి, పదో తరగతిలో ప్రత్యుత్పత్తి గురించి పాఠాలు ఇప్పటికే పుస్తకంలో ఉన్నాయి. కొత్తగా జీవో ఏదీ రానక్కర్లేదు. ఆ పాఠం ఏ తారీఖున చెప్తున్నారో అడిగితే చాలు, నాలాగా పేజీలు తిప్పేసే వీలుండదు.

డబ్బా ఒకటి పెట్టించండి. మా డబ్బాకు చిన్న తాళం ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పేరు రాయొద్దని చెప్తాను. చేతిరాత గుర్తుపడతానని మొదట్లో ఎడమ చేత్తో రాసేవాళ్లు. ఈ మధ్య కుడి చేత్తోనే రాస్తున్నారు.